సంతకం పడని మెసేజ్

సెండ్ నొక్కిన మరుక్షణమే సీనియర్ ఏజెంట్ గుండెలో తూటా దిగింది. ఆ మెసేజ్ అందిందని ఎవరూ చెప్పలేదు. విచారణ మహానుభావులు మాత్రం అతని ఫైలు మీద 'ద్రోహి' అని రాసి చేతులు దులుపుకున్నారు.

అతని తమ్ముడూ ఏజెంటే. కోడ్‌నేమ్ ముంగిస. నాలుగు రోజులుగా చీఫ్ గది చుట్టూ తిరుగుతున్నాడు.

"మన ఏజెంట్ల జాబితాని విదేశీ ముఠాకి చేరవేస్తున్నదెవరో మీ అన్న కనిపెట్టాడు," అన్నాడు చీఫ్. "మెసేజ్ మన బ్రోకర్ దాకా, అంటే మెసేజ్‌లు దాచి చేరవేసే ప్రోగ్రాం దాకా వచ్చింది. ఎవరో తీసుకుని, 'అందింది' అని సంతకం పెట్టకుండా తొక్కిపెట్టారు. పెడితే పేరు రికార్డుకెక్కుతుందిగా!"

"అంటే ఇంకా ఉందన్నమాట."

"సంతకం పడేదాకా బ్రోకర్ వదలదు. తీసుకున్నవాళ్ళ కనెక్షన్ తెగితే వరసలో తర్వాతి స్క్రీన్‌కిస్తుంది. అది నాదే. కానీ పదకొండింటికి అప్‌గ్రేడ్ పేరుతో డిస్కులన్నీ తుడిచేస్తున్నారు." చీఫ్ చూడ్డానికి ఏసీ రిమోట్‌లా ఉన్నదొకటి చేతికిచ్చాడు. "బ్రోకర్ మూడు కంటైనర్లలో, అంటే మూడు విడి భాగాల్లో నడుస్తుంది. మూడు మీటలు వాటికే. దేని మీట నొక్కితే అది ఆగిపోతుంది."

పదకొండుకి అయిదు నిమిషాలుందనగా ముంగిస ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ రూమ్‌లో అడుగుపెట్టాడు. మరకల చొక్కా, అతికించిన మీసం. మానిటర్‌లో చూస్తే, అన్న మెసేజ్‌ని పట్టుకున్న కనెక్షన్ రెండో కంటైనర్‌కి ఉంది. వస్తున్నది సర్వర్ రూమ్ ఇన్‌చార్జి లాప్‌టాప్ నుంచి. అన్న పెళ్ళాడబోయిన మనిషి! శవం మీద పడి గుండెలు బాదుకున్న నంగనాచి!

"మీసం వంకరగా ఉంది, మరిదిగారూ."

వెనక్కి తిరిగాడు. వజ్రాల దుద్దులు, గుప్పుమనే సెంటు, సైలెన్సర్ తగిలించిన పిస్టల్.

"మా అన్న నిన్ను నెత్తిన పెట్టుకున్నాడు కదే!"

"అందుకే పని సులువైంది. ఒక్క నిమిషంలో డిస్కులు ఖాళీ. ఈలోపు రెండో కంటైనర్‌ని ముట్టుకున్నావో, మీ అన్న మాట దాంతోపాటే పోతుంది."

"ఎవరికి చెబుతున్నావ్ వదినా? మిగతా రెంటిలో కాపీలున్నాయి."

రిమోట్ నొక్కాడు. రెండో కంటైనర్ ఆగిపోయింది. లాప్‌టాప్‌లో కనెక్షన్ తెగింది. ఆమె కంగారుగా అటు చూసింది. ఆ ఒక్క క్షణం చాలు. మణికట్టు మెలితిప్పి పిస్టల్ లాక్కున్నాడు. మూడు సెకన్లుందనగా అప్‌గ్రేడ్ ఆపేశాడు.

ఇంటర్‌కమ్‌లో చీఫ్ తన స్క్రీన్‌కొచ్చిన మెసేజ్ చదువుతున్నాడు. "జాబితా దొంగ నేను పెళ్ళాడబోయే మనిషే. తమ్ముడికి చెప్పండి."

ముంగిస కళ్ళు నిండాయి. పిస్టల్ ఆమెకి గురిపెట్టాడు.

"కాల్చెయ్ మరి," అందామె.

"అంత తేలిగ్గా వదులుతానా? జైల్లో రోజూ పొద్దున్నే ఆ రెండు ముక్కలూ నీకు చదివి వినిపించే ఏర్పాటు చేస్తా. నువ్వు బతికున్నన్నాళ్ళూ." ఇంటర్‌కమ్ వైపు తిరిగాడు. "సార్, అందినట్టు సంతకం పెట్టండి. తర్వాత మా అన్న ఫైలు మీద ఆ 'ద్రోహి' మాట మీ చేత్తోనే కొట్టెయ్యండి."

"కొట్టేశాను. అవునూ, ఏసీ ఎలా ఉంది?"

"భేషుగ్గా ఉంది సార్. మా వదినకే చెమటలు పడుతున్నాయి."