కొత్తదైతేనే కాపీ

"భాస్కర్‌ని చంపేశారు," అన్నాడు చీఫ్ మల్లికార్జునరావు. రెడ్‌మండ్‌లో ఇండియన్ స్టోర్ పార్కింగ్ లాట్. "మన ఇంజనీర్. మెడ మీద సూది పోటు."

ఏజెంట్ చంద్రిక చుట్టూ ఒకసారి చూసింది. "పనేంటి సార్?"

"నెలలు నిండని పిల్లలకి చుక్కచుక్కగా మందెక్కించే పంప్. దాని మోటార్‌ని నడిపేది ఒక సాఫ్ట్‌వేర్ ఫైల్, నేటివ్ లైబ్రరీ అంటారు. బ్లాక్ హెరాన్ అనే విదేశీ ముఠా అక్కడ నకిలీ ఫైల్ పెట్టింది. వాళ్ళు సిగ్నలిస్తే పది రెట్ల మందు ఒకేసారి దిగుతుంది. ఇవాళ నాలుగింటికి కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్. ఆరొందల ఆసుపత్రులకి వెళ్తుంది."

"పసిగుడ్ల మీదా! ఛీ, వీళ్ళ మొహాలు మండ!"

చీఫ్ అల్లం పేస్ట్ సీసా అందించాడు. మూతలో పెన్‌డ్రైవ్. "అసలు ఫైల్. లోపల మన మనిషి రియా. కోడ్‌వర్డ్, పెరుగు పులిసింది."

మూడున్నరకి చంద్రిక క్లీనింగ్ యూనిఫామ్‌లో ఆ పంప్ తయారుచేసే కంపెనీ పాంట్రీలో ఫ్రిజ్ తెరిచింది. కంపుకి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ముందు నిన్నటి డబ్బాలు. వెనక పచ్చటి బూజు పట్టిన సాంబారు. ఇంతింత చదువులు చదివినవాళ్ళు! పాతది తియ్యరు, దాని ముందు కొత్తది తోసేస్తారు. ముక్కు మూసుకుని సాంబారు డబ్బా చెత్త బకెట్‌లో వేసుకుంది.

"పెరుగు పులిసింది," అంది వెనక ఒక గొంతు.

రియా. ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్, ఫ్రిజ్‌ని మించిన సెంటు.

చంద్రిక బకెట్‌తో ఆమె వెంట నడిచింది. రిలీజ్ చేసే కంప్యూటర్ ముందు కూర్చుని రియా ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో నకిలీ తీసేసి పెన్‌డ్రైవ్‌లోంచి అసలుది పెట్టింది. ఫైళ్ళన్నీ ఔట్‌పుట్ ఫోల్డర్‌లోకి చేర్చే బిల్డ్ కొట్టింది. సక్సెస్.

"అయిపోయింది చంద్రికగారూ. ఇంక వెళ్ళి బాత్‌రూమ్‌లు కడుక్కోండి."

"ఏం తొందరమ్మాయ్? ఔట్‌పుట్ ఫోల్డర్ చూపించు. ఆసుపత్రికి పోయేది అందులోదే కదా."

రియా నవ్వు ఆగిపోయింది. చంద్రిక మౌస్ లాక్కుంది.

ఔట్‌పుట్‌లో ఉన్న ఫైల్ తేదీ 2037. సెట్టింగ్‌లో, 'కొత్తదైతేనే కాపీ చెయ్యి'. నకిలీకి ఇంకా రాని ఏడాది తేదీ అంటించారు. అసలుది వందసార్లు పెట్టినా, ఇది పాతదిలే అని బిల్డ్ వదిలేస్తుంది. అచ్చం ఆ ఫ్రిజ్జే. ముందు కొత్త డబ్బా, లోపల అదే కుళ్ళు.

"భాస్కర్ కూడా ఇదే అడిగాడు," అంది రియా. ఆమె చేతిలోని లిప్‌స్టిక్ గొట్టం కొసన సన్నటి సూది మెరిసింది.

చంద్రిక బకెట్‌లోంచి సాంబారు డబ్బా తీసి మూత లాగి మొహాన కొట్టింది. రియా కెవ్వుమంది. సూది ఎక్కడో పడింది. ఆమె కార్పెట్ మీద కూలబడి భళ్ళున కక్కుకుంది.

మూడూ యాభై ఎనిమిది. చంద్రిక ఔట్‌పుట్ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసింది. సెట్టింగ్ మార్చింది, 'ఎప్పుడూ కాపీ చెయ్యి'. బిల్డ్.

తెర మీద ప్రోగ్రెస్ గీత సగంలో ఆగిపోయింది.

"కదలవే తల్లీ, పసిపిల్లలే!"

కదిలింది. కాపీ అయిన ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోదానితో పోల్చి చూసింది. రెండూ ఒకటే. ఐదు సెకన్లకి నాలుగైంది. రిలీజ్ వెళ్ళిపోయింది.

చెవిరింగులో చీఫ్ గొంతు: "రియా?"

"చేతులు కట్టేశాను సార్. ఇంకా కక్కుతూనే ఉంది."

"శభాష్. ఏమైనా పంపనా?"

"రెండు జతల గ్లవ్స్ పంపండి. ఫ్రిజ్‌లో కింది అర ఇంకా తెరవలేదు."