గుహోదరుడు దాటని వాగు

అచలపురానికి ఒక మునిశాపం ఉండేది. ఆ రాజ్యంలో ఒకసారి తయారైన వస్తువు ఇక మారదు. కూరలో ఉప్పు తక్కువైందని చిటికెడు వేస్తే, ఉప్పు సరిపోయిన కూర మరో కుండలో కొత్తగా పుట్టేది; చప్పిడి కూర అలాగే ఉండిపోయేది. అంగీ బిగుతైందని కుట్లు విప్పితే వదులు అంగీ పక్కన ప్రత్యక్షమయ్యేది. బిగుతుది చిలక్కొయ్యకు వేలాడుతూనే ఉండేది. అక్కరలేని వస్తువులతో వీధులు పూడిపోయి, శవాన్ని మోసుకుపోవడానికి కూడా దారి లేకపోయింది.

అందుకని రాజు విజయకేతు గుహోదరుడనే భూతాన్ని కొలువులో పెట్టుకున్నాడు. కోట వాకిట ఒక ఇనుప గుంజ పాతించాడు. కావలసిన వస్తువును దారంతో ఆ గుంజకు గాని, గుంజతో ముడిపడి ఉన్న మరో వస్తువుకు గాని కట్టుకోవాలి. నెలకోసారి భూతం దారం వెంట చివరిదాకా నడిచి, తగిలిన ప్రతిదానికీ పసుపు బొట్టు పెట్టాలి. తిరిగి వచ్చాక నోరు తెరిచి ఊపిరి పీల్చేవాడు. బొట్టు లేనివన్నీ ఎగిరి వాడి పొట్టలో పడేవి. మనుషుల జోలికి వాడు పోడు. కాని ఇల్లు పోతే ఇంట్లో ఉన్నవాళ్లూ పోతారు.

చిలకమ్మ సాలెపల్లె పిల్ల. వాగుకు అవతల, దారానికి చిట్టచివర ఉన్న ఊరు అది. తల్లి లేదు. తండ్రి సాంబన్న, ఒక మగ్గం, తల్లి కట్టిన ఎర్రచీర, అంతే ఆ ఇల్లు. ఆ రోజు పొద్దున్నే నూలు కొనడానికి సంతకు పోతూ, తండ్రి ఆ చీరకున్న దారపు ముడి విప్పి ఎండలో ఆరేయడం చూసింది.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి ఊరు లేదు.

గోడలు లేవు, మగ్గాలు లేవు, మనుషులు లేరు. ఊడ్చి అలికినట్టు నేల నున్నగా ఉంది. నూలు కట్ట ఆమె తల మీదే ఉంది. దించాలని కూడా తోచలేదు.

కోటకు పరుగెత్తింది. మంత్రి కపర్ది ఆమెను కిందికీ మీదికీ చూశాడు.

"మీరే దారం తెంపుకుని ఉంటారు. మా గుహోదరుడు ఏటా పరీక్ష నెగ్గుతున్నాడు, తెలుసా?"

"ఏం పరీక్షండీ అది?"

"ఈ ముంగిట్లో వెయ్యి కుండలు పోస్తాం. పదింటికే దారం కడతాం. రెప్పపాటులో ఆ పదీ మిగులుతాయి. ఇరవై ఏళ్లుగా అదే పరీక్ష, అదే గెలుపు!"

"ఇరవై ఏళ్లుగా అదేనా?" చిలకమ్మ నిర్ఘాంతపోయింది. "ఈ ముంగిట్లోనేనా?"

మంత్రి ఆమెను బయటికి నెట్టించాడు.

ఆమె అడవి పట్టింది. రెండో రోజు గుట్ట మీద ఒక ముసలి ముని కనిపించి, ఆమె చెప్పిందంతా విని, విసుక్కున్నాడు.

"ఏడుపు ఆపు. వాడు మింగినవి పున్నమి దాకా అరగవు. ఇంకా నాలుగు రోజులున్నాయి. ఒప్పుకున్న పరీక్షలో నలుగురి ఎదుట ఓడితే తప్పుగా మింగినదంతా వాడు కక్కాలి. న్యాయంగా మింగినది మాత్రం రాదు."

"వాడు ఎక్కడ తప్పాడో ఎలా తెలుస్తుంది స్వామీ?"

"నూలు ఎక్కడ తెగిందో మీరెలా కనుక్కుంటారు?"

"పడుగు పోగులను వీధి పొడవునా సాగదీసి, ఈ కొస నుంచి ఆ కొసకు తడుముకుంటూ నడుస్తాం."

"మరి నన్నెందుకు అడుగుతావు? పో. తెగని దారం సంపాదించు. లేకపోతే తప్పు దారానిదే అంటారు."

అడవి నడుమ ఎద్దంత సాలీడు దారికి అడ్డంగా గూడు కట్టుకుని కూర్చుంది.

"ఓసి సాలెపిల్లా! నా గూట్లో ఒక పోగు తెగింది. పొద్దు వాలేలోగా పట్టుకున్నావా, అడిగింది ఇస్తాను. లేదా నువ్వే నాకు ఫలహారం."

చిలకమ్మ కళ్లు మూసుకుంది. వేళ్లతో ఒక్కొక్క పోగూ తడిమింది. పొద్దు కొండ అంచుకు దిగుతుండగా తెగిన కొస వేలికి తగిలింది. ఉమ్మితడి చేసి, మెలితిప్పి అతికింది.

"ఎనిమిది కాళ్లున్న నాకే దొరకలేదే!" అని సాలీడు నోరు వెళ్లబెట్టింది. నిప్పుకు కాలని, నీటికి తెగని దారపుండ ఇచ్చింది.

పున్నమి పగలు చిలకమ్మ రాజు ముందు నిలబడింది. ఏ ముసలమ్మ వస్తువు ఒక్కటి పోయినా సహించనివాడని పేరున్న రాజు, మూడు పరీక్షలకు ఒప్పుకున్నాడు. గుహోదరుడు కూడా పకపకా నవ్వి ఒప్పుకున్నాడు.

మొదటిది కుండల గుట్ట. రెప్పపాటులో తేల్చేశాడు. రెండోసారి ఆమె రెండు బిందెలను ఒకదానికొకటి కట్టి, గుంజకు కట్టకుండా వదిలింది. ముడి చూసి భూతం మోసపోలేదు. రెండింటినీ గుటుక్కున మింగాడు. జనం చప్పట్లు కొట్టారు. మంత్రి మీసం దువ్వాడు.

"ప్రభూ, మీరు పోగొట్టుకోలేని వస్తువు ఒకటి ఇవ్వండి" అంది చిలకమ్మ.

"కిరీటమే ఇవ్వండి ప్రభూ. వాడు పొరబడడు" అన్నాడు మంత్రి.

ఆమె సాలీడు దారాన్ని గుంజకు కట్టి, ఊళ్లు దాటించి, వాగు దాటించి, సాలెపల్లె ఉండిన బోడినేల మీద కిరీటానికి ముడివేసింది. జనమంతా దారం పొడవునా నిలబడ్డారు. గుహోదరుడు బొట్లు పెట్టుకుంటూ వాగు దాకా వచ్చాడు. ఏళ్లుగా ఎండిపోయి ఉన్న ఆ వాగులో ఈ నెలే వచ్చిన కొత్తనీరు మోకాలి లోతు పారుతోంది. ఒక పాదం నీళ్లలో పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. వెనుదిరిగాడు.

కోట వాకిట నోరు తెరిచి ఊపిరి పీల్చాడు. కిరీటం వాగు మీదుగా ఎగిరి వచ్చి, అందరూ చూస్తుండగా వాడి గొంతులోకి జారిపోయింది.

రాజు చెయ్యి ఉత్త తలను తడుముకుంది.

"కాళ్లు తడిస్తే నాకు పడదు" అని గొణిగాడు భూతం. "ముంగిట్లో వాగు లేదుగా!"

కట్టుబాటు ప్రకారం వాడు కక్కాడు. కిరీటం, మగ్గాలు, ఇళ్లు, వాటిలో మనుషులు, కళ్లు నులుముకుంటూ సాంబన్న.

రాజు మంత్రి ఇంటికి ఉన్న దారం ఆ క్షణమే కోయించాడు. కపర్ది కాళ్లావేళ్లా పడ్డా ఎవరూ ముడి వేయలేదు. మంత్రి కొలువు చిలకమ్మకు దక్కింది. వాగు మీద వంతెన వేయించి, ఏటా ఆమె కొత్త పరీక్ష పెట్టింది, ప్రతిసారీ కొత్త చోట. ఆమె మంత్రిగా ఉన్నంత కాలం అచలపురంలో కావలసింది ఒక్కటీ పోలేదు.

పోయినది మాత్రం ఊరు మాయమైన రోజునే ఒకటి పోయింది. తండ్రిని ఇంటికి తీసుకువెళ్లినప్పుడు దండెం ఖాళీగా ఉంది.

"చీర ఏది నాన్నా?"

సాంబన్న దండేన్ని చేత్తో తడిమాడు.

"ముడి విప్పింది నేనేనమ్మా. అన్నం తిని కడదామనుకున్నాను."

అది న్యాయంగా మింగినది. రాలేదు. సాంబన్న ఇంకెప్పుడూ ఏ ముడీ అన్నం తర్వాతకు వాయిదా వేయలేదు.