పైన చెప్పాల్సిన మాట

త్రివేణి మొదటిసారి ఐలేశాన్ని చూసింది పైనుంచి. అది కూడా తిడుతూ.

ఆదివారం పొద్దున. భువనగిరి గుట్ట బండ మీద సగం ఎత్తులో తాడు పట్టుకొని వేలాడుతోంది ఆమె. కొండలెక్కడం నేర్పే క్లాసులో చేరి నెల కూడా కాలేదు. కింద నీడలో పెట్టిన ఆమె సంచీలో ఒక మేక తల దూర్చి, అరటిపండ్లను తొక్కలతో సహా లాగిస్తోంది. దాని పక్కనే కర్ర మీద గడ్డం ఆనించి ఒక కుర్రాడు బండ మీది అమ్మాయిని వింతగా చూస్తున్నాడు.

"ఓ గొర్లాయనా! నీ మేకను కొట్టు!"

"ఎందుకు కొట్టాలె? ఆకలైతే తింటాంది."

"అది నా టిఫిను!"

"నువ్వు దిగొచ్చేదాంక ఆగుమంటే అది ఆగుతదా?"

"ఉండు, కిందికొచ్చి నీ సంగతి చెప్త."

"రా మరి. తాడు మీదుండి బెదిరిస్తే ఎవరు భయపడ్తరు?"

త్రివేణి ఎంత వేగంగా దిగిందంటే మోచెయ్యి గీరుకుపోయింది. దిగేసరికి ఆ కుర్రాడు తన సద్ది మూట విప్పి ముందుకు చాచాడు. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం. ఆమె తిట్టడం ఆపకుండానే రొట్టె మొత్తం తినేసింది. చివరి ముక్కకు వచ్చాక గానీ పేరు అడగలేదు.

"ఐలేశం."

"గిదేం పేరు? మా తాతకు తాత పేరు లెక్క!"

"ఐలోని మల్లన్నకు మొక్కితే పుట్టిన. మల్లన్నకు చెప్పు, మార్చుమని."

ఆమె నవ్వింది. ఆ నవ్వుకే మనవాడి పని అయిపోయింది. డిగ్రీ పూర్తి చేసి కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటూ, మిగతా వేళల్లో బాపు వెంట మందకు పోయే ఐలేశం, పోలీసు పరుగు పరీక్షకు పనికొస్తుందని ఇంట్లో చెప్పి మరుసటి ఆదివారమే క్లాసులో చేరాడు. అబద్ధమని ఇంట్లో అందరికీ తెలుసు. గొర్లకు కూడా తెలిసే ఉంటుంది.

అలా రెండేళ్లు. త్రివేణికి స్నేహితురాలు నిరోష తోడు, ఐలేశానికి దోస్తు కమలాకర్ తోడు. నలుగురూ కలిసి చుట్టుపక్కల గుట్టలన్నీ ఎక్కారు. నిరోష, కమలాకర్ కొట్టుకోని రోజు లేదు. వీళ్లిద్దరూ మాత్రం నోరు విప్పాల్సిన చోట విప్పలేదు.

ఐలేశానికి ఒక అలవాటు ఉంది. ఎక్కడికి పోయినా అందరికంటే వెనక నడుస్తాడు. మందను తోలేవాడు ముందు నడవడు. ముందు నడిస్తే ఏది కుంటుతోందో, ఏది విడిపోయిందో కనబడదు. పుట్టినప్పటి నుంచి అదే నడక. మంద నుంచి విడిపోయి కూర్చున్న గొర్రె కనబడితే వాళ్ల బాపు రెండో ఆలోచన చేయడు. భుజాల మీదికి ఎత్తుకుంటాడు. అది ఎన్ని కాళ్లు తన్నుకున్నా సరే, ఇల్లు చేరాకే దించుతాడు. ఐలేశానికి తెలిసిన ప్రేమ కూడా దాదాపు అదే.

మంచుకొండ ఆలోచన త్రివేణిది. ఉత్తరాఖండ్‌లో ఒక శిఖరం. ఒక రాత్రి డేరాల్లో ఉండి, తెల్లారేసరికి పైకెక్కి దిగిరావచ్చు. వాళ్ల నాయిన దామోదర్‌కు భువనగిరి బజారులో స్టీలు సామాను కొట్టు. బిడ్డ ఆరు నెలలు వెంటపడితే ఆయన ఒకే మాట అన్నాడు: "ఒక్కసారి పోయి రా. మల్ల అడగొద్దు. వచ్చినంక సంబంధాలు చూస్త."

కాబట్టి ఆమెకు ఉన్నది ఆ ఒక్క శిఖరమే.

తొలిసారి మంచు కనబడగానే కమలాకర్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. "అరే, ఐస్‌గోలా బండి బోల్తాపడ్డట్టుంది గదరా! రంగు నీళ్లొక్కటే తక్కువ."

"నీ మొహం కడుగు, రంగు వస్తది," అంది నిరోష.

త్రివేణి దోసెడు మంచు తీసుకొని, చాలాసేపు చూసి, చల్లగా ఐలేశం కాలర్‌లో వేసేసింది. అతను గెంతిన గెంతుకు గైడ్లు కూడా నవ్వారు.

ఆ సాయంత్రం డేరాల దగ్గర సూప్ గ్లాసులు చేతుల మధ్య పెట్టుకొని కూర్చున్నారు. ఎదురుగా శిఖరం గులాబీరంగు తిరుగుతోంది. కమలాకర్, నిరోష ఎవరి సాక్సులు ఎక్కువ కంపు కొడుతున్నాయోనని వాదులాడుకుంటున్నారు.

"ఐలూ," అంది త్రివేణి మెల్లగా. "రేపు పైకి పోయినంక నీకొక మాట చెప్త."

"ఇప్పుడే చెప్పు."

"ఊహూఁ. గీడ చెప్పేదానికి గింత దూరం ఎందుకు? భువనగిరి బస్టాండులనే చెప్తుంటి."

"మంచి మాటనేనా?"

"నీ మొహం చూస్తే నీకు తెలిసినట్టే ఉన్నది గదా," అని గ్లాసు అతని చేతిలో పెట్టి డేరాలోకి పోయింది. ఐలేశం ఖాళీ గ్లాసును లోపల ఏదో ఉన్నట్టు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. అతనూ పైనే ఒక మాట చెబుదామనుకొని వచ్చాడు మరి.

చీకటి విడవకముందే బయల్దేరారు. ఇద్దరు గైడ్లు ముందు, వాళ్ల వెనక కమలాకర్, నిరోష, ఆ వెనక త్రివేణి. అందరికంటే వెనక ఎవరో చెప్పక్కర్లేదు. మంచు మోకాళ్ల దాకా దిగబడుతోంది. గాలి చెవుల పక్కన గోల పెడుతోంది.

తూరుపు తెల్లబడేసరికి శిఖరం దగ్గరికి వచ్చేసింది. చివరి ఏటవాలు ఒక్కటే మిగిలింది. అక్కడ త్రివేణి నడక తగ్గింది. నాలుగడుగులు వేసి ఆగుతోంది. మళ్లీ నాలుగు వేసి ఆగుతోంది. చివరికి ఒక రాయి మీద కూర్చుండిపోయింది. తల వంచుకొని, చేతులు చంకల్లో దాచుకొని.

కింద నుంచి చూస్తున్న ఐలేశం గబగబా అడుగులేశాడు. మందలోంచి ఒకటి విడిపోయి కూర్చుంటే ఎలా ఉంటుందో అతనికి తెలుసు. దగ్గరికి వచ్చి చూశాడు. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"ఏమైందే?"

"ఏం కాలే. నువ్వు ఊపిరి తీసుకో," అందామె.

అతనికి ఆ మాట చెవికెక్కలేదు. ఈ పిల్లకు ఏమన్నా అయితే? ఆ ఒక్క ప్రశ్నే తలంతా నిండిపోయింది. పైన వినాల్సిన మాట గుర్తుకు రాకపోలేదు. ఆమె ప్రాణం కంటే ఆ మాట ఎక్కువా అని తనను తానే కసురుకున్నాడు. ఆమె ఫ్లాస్కు మూత తిప్పుకుంటుండగా పైకి నడిచి, పెద్ద గైడ్‌ను పక్కకు పిలిచి హిందీలో చెప్పాడు: ఆమె పొద్దున్నుంచి రెండుసార్లు వాంతి చేసుకుంది, తల తిరుగుతోందట, మనకు చెప్పకుండా దాస్తోంది.

ఒక్క మాట నిజం కాదు. ఊరికే భయమేస్తోందంటే గైడ్ వినడేమోనని కల్పించాడు.

అంత ఎత్తులో వాంతులంటే గైడ్లు ఇక వాదన వినరు. పెద్దాయన వచ్చి త్రివేణి ముందు నిలబడి, కిందికి దిగమని చెయ్యి చూపించాడు.

"నాకేం కాలే భయ్యా! మంచిగనే ఉన్న! చూడు!" ఆమె లేచి నిలబడింది, గెంతింది, ముందుకు నడవబోయింది. ఆయన అడ్డం జరిగాడు. జబ్బుపడ్డ వాళ్లందరూ అక్కడ అలాగే అంటారు. ఆమె ఐలేశం వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు, ఐలూ!"

"పోదాం పా, త్రివేణీ. పానం కంటే ఎక్కువనా?"

ఆమె అతన్ని ఒక్క క్షణం చూసింది. తర్వాత తల తిప్పుకుంది. కమలాకర్, నిరోష పెద్దాయనతో పైకి పోయారు. రెండో గైడ్ వీళ్లిద్దరినీ కిందికి తీసుకొని బయల్దేరాడు.

దిగేటప్పుడు త్రివేణి వెనక్కి చూడకుండా నడిచింది. ఒక్కచోట తడబడలేదు, ఒక్కసారి ఆగలేదు. రెండో గైడ్‌కే రొప్పు వచ్చింది. డేరాలు కనబడుతుండగా ఆయన నవ్వుతూ హిందీలో అన్నాడు, "రెండుసార్లు వాంతి చేసుకున్న మనిషి ఇలా నడవడం నేనెప్పుడూ చూడలేదమ్మా."

ఆమె ఆగింది. "వాంతా? ఎవరు చేసుకున్నరు?"

గైడ్ నవ్వు పోయింది. ఏదో తేడా జరిగిందని అర్థమై, ఐలేశం వైపు ఒకసారి చూసి, టీ పెట్టిస్తానంటూ ముందుకు పోయాడు.

"నువ్వు చెప్పినవా?"

ఐలేశం మంచులోకి చూశాడు. "నీ మంచికే చెప్పిన. నడువలేక కూసుంటివి గదా."

"నడువలేకనా?" త్రివేణి అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది. "నువ్వు ఎనకబడ్డవని కూసున్న! ఎంత ఆగినా రాకపోతివి. ఊపిరి అందుతలేదేమో, అడిగితే సిగ్గుపడ్తవని మెల్లగ నడిచిన. ఇద్దరం కలిసి పైకి పోవాలని కూసున్న!"

అతనికి కాళ్ల కింద మంచు మొత్తం జారిపోయినట్టయింది. అతను వెనక నడిచింది ఆమెను కనిపెట్టుకోవడానికి. ఆమె ఆగింది అతను వెనకబడ్డాడని. ఆమె ఆగిందని అతను భయపడ్డాడు.

"త్రివేణీ... నువ్వంటే నాకు పానం. అందుకే..."

ఎక్కడ చెప్పాల్సిన మాట ఎక్కడ చెప్పాడో చూడండి.

"పానమైతే అడుగుతరు," అందామె. "'పోతవా, దిగుతవా' అని ఒక్క మాట. అంతే గదా ఐలూ. నేనేమన్న నీ గొర్రెనా, భుజం మీదేసుకొని పోనీకి?"

"మల్ల పోదాం. ఇంకోసారి వద్దాం."

"మా నాయిన ఏం చెప్పిండో నీకు తెల్వదా?"

తెలుసు. ఆమె పైకి చూసింది. శిఖరం మీద రెండు చిన్న చుక్కలు చేతులూపుతున్నాయి. ఆమె కూడా చెయ్యి ఊపింది. ఊపుతూనే ఏడ్చింది. అతను చెయ్యి పట్టుకోబోతే వద్దని తల ఊపింది.

తిరుగు ప్రయాణంలో కమలాకర్ జోకులకు ఎవరూ నవ్వలేదు. భువనగిరి స్టేషన్‌లో దిగాక ఐలేశం బ్యాగు అందించబోయాడు. "నా బ్యాగు నేను మోస్త," అంది. ఆదివారాలు క్లాసుకు రావడం మానేసింది. ఫోను ఎత్తలేదు. అతను రోజుకు ఎన్నోసార్లు ఆ రాయి దగ్గరికి మనసులో వెళ్లి, ఆమె పక్కన కూర్చొని, 'పోదామా?' అని అడిగి వచ్చేవాడు. అడగడానికి ఎంతసేపు పడుతుంది?

ఎండాకాలం దాటాక ఒకరోజు స్టీలు సామాను కొట్టుకు పోయాడు. దామోదర్ బిందెలు తుడుస్తున్నాడు.

"ఏం గావాలె బాబు?"

"ఏం వద్దు. మీ బిడ్డ తోటి మంచుకొండకు పోయింది నేనే. ఆమె మంచిగనే ఎక్కింది. అబద్ధం చెప్పి పైకి పోనియ్యకుండ దింపింది నేను. మీరు ఒక్కసారే అన్నరు. ఆ ఒక్కసారి నేను పాడు చేసిన. ఆమెను మల్ల పోనియ్యున్రి."

దామోదర్ చేతిలో గుడ్డ ఆగింది. "మోకాళ్లు నొస్తే దిగిన అని చెప్పింది నాతోని. నీ పేరే ఎత్తలే."

ఐలేశం తల వంచుకున్నాడు. తనను కాపాడి, ఆ ఓటమి కూడా ఆమే మోసిందన్నమాట.

"నువ్వు పోతవా మల్ల?"

"నేను పోను. ఆమెను నిరోష తోటి పంపున్రి."

దామోదర్ అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. తిడతాడేమో అనుకున్నాడు ఐలేశం. తిడితే బాగుండేది. "దాన్ని అడుగుత. పోతనంటే పోతది," అన్నాడాయన, మళ్లీ బిందె అందుకుంటూ.

ఆ చలికాలం త్రివేణి పోయింది. పైకి చేరింది. నిరోష పెళ్లి చేసుకోబోయే కమలాకరే ఆ కబురు మోసుకొచ్చాడు. ఆ రోజు ఐలేశం మందలో ప్రతి గొర్రెకూ ఆ సంగతి చెప్పినంత పని చేశాడు.

వారం తర్వాత ఆమె నుంచే ఫోను వచ్చింది. బస్టాండు ఎదురుగా ఉన్న టీ హోటల్‌కు రమ్మంది. ఐలేశం ఇస్త్రీ చొక్కా వేసుకొని, పావుగంట ముందే వెళ్లి కూర్చున్నాడు. ఆమె వచ్చింది. ఎండకు మొహం కమిలి, ముక్కు మీద తోలు లేచింది. ఇంత అందంగా ఆమె ఎప్పుడూ లేదనిపించింది అతనికి.

"నాయినతోని నువ్వు మాట్లాడింది చెప్పిండు. మేలు చేసినవ్ ఐలూ."

"మేలు గాదు. నీది నీకిచ్చిన." అతను చాయ్ గ్లాసు అటూ ఇటూ జరిపాడు. ఏడాదిగా నోట్లో నానుతున్న ప్రశ్న ఇక ఆగలేదు. "పైకి పోయినంక... నాకు చెప్తనన్న మాట..."

త్రివేణి కిటికీలోంచి బస్సుల వైపు చూసింది.

"దానికోసమే పిలిచిన. పైకి పోయినంక ఆ మాట గుర్తుకొస్తదనుకున్న. ఆడ శానాసేపు కూసున్న ఐలూ. నిరోష దిగుదాం పా అంటాంటే కూడా కూసున్న. కొండలు కనబడ్డయి, మబ్బులు కనబడ్డయి. నీ మీద కోపం ఎతికిన, అది గూడ లేదు. ఆ మాట మాత్రం రాలే." ఆమె పైట కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నిరుడు ఉండె. దేవుని తోడు, నిరుడు గుండె నిండ ఉండె."

హోటల్‌లో ఎవరో సమోసాలు ఇంకా కాలేదా అని అరిచారు.

"కొండలెక్కుడు నేర్పే పెద్ద ట్రైనింగుకు పోతున్న. సంబంధాలు ఇప్పుడే చూడనని నాయిన ఒప్పుకుండు," అందామె.

అతను తలూపాడు. నీ కోసం ఎన్నేళ్లయినా ఆగుతా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి అడిగాడు.

"నేను ఆగాల్నా, త్రివేణీ?"

ఆమె అతని మొహంలోకి చూసింది. ఎప్పుడూ లేనంత ప్రేమగా చూసింది.

"వద్దు ఐలూ. ఆగకు."

"సరే," అన్నాడు. ఆమెకు వినబడిందో లేదోనని ఇంకోసారి అన్నాడు. "సరే, త్రివేణీ."