బ్యాంకామె పలికే పేరు

వంతెనను వరద ఎత్తుకుపోయిన మూడో ఏడు అది. సోఫాల మేస్త్రి కూతురు ఓడ ఇంజన్ల పనిలో చేరి ఇల్లు వదిలింది సరిగ్గా ఆ వరద ముందే. వద్దన్నా వినకుండా గడప దాటుతుంటే మేస్త్రి ఒక్క మాటే అన్నాడు. "ఈ ఇంట్లో నీ పేరు ఇంకెవరూ ఎత్తరు." అసలే మాట తక్కువ మనిషి. అన్నాడంటే రాతి మీద గీతే.

అయినా నెలకోసారి ఆ పేరు ఇంట్లో వినబడేది. కూతురు పంపిన డబ్బు బ్యాంకులో పడగానే ఫోనుకు కబురొచ్చేది. తల్లికి చదువు రాదని, ఫోనే పైకి చదివేలా పెట్టాడు కొడుకు. ఫలానా వారి నుంచి మీ ఖాతాలో జమ అయిందని ఒక ఆడగొంతు చెప్పేది. కూతురి పేరును మధ్యలో విరిచి, రాళ్లు నమిలినట్టు పలికేది. తల్లి ఆ గొంతుకు బ్యాంకామె అని పేరు పెట్టుకుంది. ముందు గదిలో సోఫాకు గుడ్డ బిగిస్తున్న మేస్త్రి సుత్తి ఆ కాసేపూ ఆగేది. నోట్లో మేకులు పెట్టుకుని పనిచేసే మనిషి కనుక, ఎందుకు ఆగావని ఎవరూ అడిగేవారు కారు.

ఆ నెల బ్యాంకామె పలకలేదు.

పొద్దున్నే తల్లి ఫోను ఒళ్లో పెట్టుకు కూర్చుంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. లేచి వీధిలోకి తొంగిచూసింది, వచ్చి మళ్లీ కూర్చుంది. కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"ఏంటమ్మా, పొదిగే కోడిలా ఆ ఫోను మీద?"

"దాని డబ్బు రాలేదురా. ఒంట్లో ఎలా ఉందో ఏమో. నా కాలు ఒక్కచోట నిలవట్లేదు."

"అయ్యో, డబ్బు వచ్చేసిందమ్మా! చెప్పడం మరిచా. అక్క ఇప్పుడు బ్యాంకులో కాదు, మెసేజీల యాప్‌లో పంపుతోంది. క్రిప్టో అంటారు."

"అదేం రోగంరా?"

"రోగం కాదు, డబ్బే. కంటికి కనబడని నాణెం. బ్యాంకయితే దేశాలు దాటి రావడానికి రోజులు పడుతుంది, దారిలో తలా కాస్త కొరుక్కుంటారు. ఇది చిటికేసేలోపు వస్తుంది. పైగా గుట్టు. పంపిందెవరో మూడో కంటికి తెలీదు."

"పొరపాటున ఇంకొకళ్లకి పోతే?"

"పోయినట్టే. అడగడానికి కౌంటరూ లేదు, మనిషీ లేడు. ధర కూడా పొద్దునొకటి, సాయంత్రమొకటి. అందుకే రాగానే మార్చేశా." కొడుకు నోట్లు తీసి ఆమె ముందు పెట్టాడు.

తల్లి వాటిని ముట్టలేదు. "ఇది పంపింది అదేనని ఎవరు చెప్పారు?"

"నేను చెబుతున్నాగా!"

"నువ్వు కాదురా. బ్యాంకామె చెప్పాలి."

ముందు గదిలోంచి మేకుల మధ్యనుంచి మాట వచ్చింది. "డబ్బు డబ్బే. తీసుకోవే."

అంతే, ఆమె గిర్రున తిరిగింది. "మీకు డబ్బు! నాకు కాదు. కన్నకూతురి పేరు ఎత్తకుండా నా నోరు కట్టేశారు. నెలకోసారి ముక్కూ మొహం తెలీని ఒకావిడ పిలుస్తుంటే విని బతుకుతున్నా. అదీ లేకుండా చేశారు తండ్రీకొడుకులు కలిసి!"

"నన్నెందుకంటావమ్మా?" కొడుకు గొంతు తగ్గింది. "అక్కే అడిగింది. పేరు కనబడకుండా పంపే దారుందా అని. ఫోను తన పేరు చదివినప్పుడల్లా నాన్న మనసు మండుతుందేమో, ఆ బాధ ఎందుకు, డబ్బు చేరితే చాలంది."

సుత్తి కింద పెట్టిన చప్పుడైంది. మేస్త్రి నోట్లోంచి మేకులు ఒక్కొక్కటే తీశాడు.

"మండుతుందని దానికి ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నువ్వేదీ అనవుగా నాన్నా."

పరాయివాళ్ల సోఫాలో ఏనాడూ కూర్చోని మేస్త్రి, సగం గుడ్డ బిగించిన ఆ సోఫాలోనే కూలబడ్డాడు.

"ఆ బ్యాంకామెకి దాని పేరుకి నోరు తిరగదు," అన్నాడు. "ప్రతిసారీ నేనే లోపల దిద్దుకునేవాణ్ని."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడేళ్లుగా తానూ అదే పని చేస్తోందని చెప్పబోయింది. ఏడుపే ముందొచ్చింది.

మర్నాడు పొద్దున మేస్త్రి ముందు గదిలో పనికి కూర్చోలేదు. కొడుకు పడుకున్న మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఒరేయ్, ఆ యాప్‌లో డబ్బేనా, మాట కూడా పోతుందా?"

"అది పుట్టిందే మాటల కోసం నాన్నా. డబ్బు తరవాతొచ్చి చేరింది. ఇదిగో, ఇది నొక్కిపట్టి మాట్లాడు."

మేస్త్రి బొటనవేలితో గట్టిగా నొక్కాడు. గొంతు సవరించుకున్నాడు. కూతురి పేరు, ఎక్కడా విరగకుండా, నిండుగా పిలిచాడు. వేలు తీశాడు. మాట వెళ్లిపోయింది.

కాసేపు ఆ ఫోనునే చూశాడు. మళ్లీ నొక్కాడు.

"తిన్నావా?" అన్నాడు.