అలారం ఆఫ్ అయితేనే తలుపు

"పదకొండులోపు ఆవిణ్ణి బయటికి తీసుకురా. తర్వాత వెళ్లినా ఒకటే, వెళ్లకపోయినా ఒకటే."

పొద్దున్నే చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. ఏజెంట్ ఏసీ మెకానిక్ వేషంలో కాన్ఫరెన్స్ సెంటర్ నేలమాళిగలోకి దిగాడు. రికార్డు రూములో కుర్చీకి కట్టేసి ఉన్న మనిషి కట్లు విప్పుతుండగానే వెనక ఉక్కు తలుపు మూసుకుపోయింది. ఎలక్ట్రానిక్ లాక్. లోపలివైపు హ్యాండిలే లేదు.

ఆ మనిషి డిపార్ట్‌మెంట్ ట్రాన్స్‌లేటర్. ఆఫీసులో అందరికీ అత్తయ్య. విదేశీ ముఠా సందేశాలన్నీ చదివేస్తోందని వాళ్లు ఎత్తుకొచ్చారు.

"నాకోసం వచ్చి నువ్వూ ఇరుక్కున్నావా అల్లుడూ!"

అతను చుట్టూ చూశాడు. ఫోన్లో సిగ్నల్ లేదు. కిటికీ లేదు. గోడలు మీదికి జరుగుతున్నట్టు ఊపిరాడటం లేదు. టైం పదీ యాభై.

తలుపు కిందినుంచి సెంటు వాసనతో ఓ చీటీ జారింది. ముఠా బాస్ పక్కన తళతళలాడుతూ తిరిగే విదేశీ గాయని రాసింది. ఆమె మన మనిషేనని చీఫ్‌కీ ఏజెంట్‌కీ మాత్రమే తెలుసు.

'బాంబ్ గోస్ ఆఫ్ ఎట్ ఎలెవెన్, అండర్ ది స్టేజ్. డోర్ ఓపెన్స్ వెన్ ది అలారం గోస్ ఆఫ్.'

"అమ్మయ్య! పదకొండుకి బాంబు దానంతటదే ఆఫ్! ఇక అలారం ఆఫ్ చేస్తే చాలు" అన్నాడు ఏజెంట్.

వాచీలోంచి బుల్లి కట్టర్ లాగి, కుర్చీ ఎక్కి, సీలింగుకున్న పొగ అలారం వైరు పట్టుకున్నాడు. అత్తయ్య చీటీ చదివి కెవ్వుమంది.

"ఆగు! అది తెగితే మనకిదే సమాధి! గోస్ ఆఫ్ అంటే ఆగడం కాదు నాయనా. బాంబైతే పేలడం, అలారమైతే మోగడం!"

"ఆఫ్ అంటే ఆఫే కదా అత్తయ్యా?"

"స్విచ్చికి. వీటికి తలకిందులు!"

ఏజెంట్ వైరు వదిలేశాడు. పైన హాల్లో మూడొందల మంది ఉన్నారు.

"మోగాలంటే?"

"పొగ పెట్టు."

రికార్డులు తగలబెడితే ముఠా మీద సాక్ష్యం పోతుంది. మెకానిక్ చొక్కా విప్పి, పెన్ను లైటర్‌తో అంటించాడు. గదంతా పొగ. ఇద్దరికీ దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఒక నిమిషం. రెండు. అత్తయ్య గోడకి జారగిలబడింది.

అప్పుడు మోగింది అలారం. లాక్ టక్కుమంది.

అలారానికి పై హాలు ఖాళీ అయింది. జనంలో కలిసి జారుకోబోయిన బాస్ వీపుకి గాయని పిస్టల్ ఆనించింది. బనీనుతోనే ఏజెంట్ స్టేజ్ కింద దూరి డిటొనేటర్ ఊడబెరికాడు. టైమర్ మూడు సెకన్ల దగ్గర ఆగింది.

సాయంత్రం చీఫ్ పిలిచాడు.

"శభాష్! రేపటి మిషన్ ఇంకా పెద్దది. బ్రేక్ ఎ లెగ్!" అని దీవించాడు.

ఏజెంట్ అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"తప్పకుండా సార్. ఎవరి కాలు?"