పదిహేను వందల గుమ్మం

ఆంబ్రోజ్ విట్లాక్‌ను చంపినవాడికి స్కేటింగ్ బాగా వచ్చు.

జనవరి ఇరవై తొమ్మిది, ఉదయం ఎనిమిదిన్నర. ఒటావా కాలువ గడ్డకట్టి ఉంది. సగం ఊరు స్కేట్లు కట్టుకుని దాని మీదుగా ఆఫీసులకు జారుకుంటూ పోతోంది. డెబ్బై ఏళ్ళ ఆంబ్రోజ్ చేతిలో దాల్చినచెక్క పొడి చల్లిన వేడి బీవర్‌టెయిల్ రొట్టె ఉంది. వెనకనుంచి వచ్చిన ఎవరో "సారీ" అంటూ ఆయన భుజం రాసుకుని ముందుకు పోయారు. ఆ ఊళ్ళో ఒక్కొక్కరు రోజుకు నలభైసార్లు సారీ చెబుతారు కాబట్టి ఎవరూ తల తిప్పి చూడలేదు. ఆంబ్రోజ్ పది గజాలు అలాగే జారి, ఒడ్డునున్న బల్ల మీద కూర్చుని, మళ్ళీ లేవలేదు. మెడ మీద దోమ కుట్టినంత మచ్చ ఉంది. జనవరిలో ఒటావాలో దోమలుండవు.

ఆయన ముప్పై ఏళ్ళుగా గూఢచారి శాఖకు పెద్ద. కాగితం మీద పెట్టని రహస్యాలు కొన్ని ఆయన బుర్రలోనే ఉండేవి. అవి ఆయనతోనే పోయాయి. ఈ కథలో ఏడవాల్సిందంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

పన్నెండో రోజున అదే కాలువ మీద కొత్త చీఫ్ విన్‌ఫ్రెడ్ హార్‌గ్రోవ్ ఏజెంట్ లూసియన్ జెర్వేకి పని అప్పగించింది. ఆమె స్కేటింగ్ చేస్తూనే మాట్లాడుతుంది, ఎవరూ వెనక నిలబడి వినలేరని.

"స్టోరేజ్ సంగతులు నీకు తెలుసుగా?"

"నా బతుకుతెరువే అది, మేడం. గూఢచర్యం తర్వాత అంటుకుంది."

"హాస్యాలు ఇంటి దగ్గర."

"ఇంట్లో వినేవాళ్ళు లేరు మేడం."

ఆ మాట ఆమె పట్టించుకోలేదు. "ఊరి శివార్లలో, కనాటాలో మనకో ల్యాబ్ ఉంది. పద్దెనిమిది వర్చువల్ సర్వర్లు. దేనికీ సొంత డిస్కు లేదు. అన్నీ పక్క గదిలో ఉన్న ఒకే స్టోరేజ్ పెట్టెలోంచి నెట్‌వర్క్ మీదుగా తోడుకుంటాయి. ఒకటే బావి, పద్దెనిమిది చేదలు. పరీక్షకి ఉత్తుత్తి పేర్లు పొయ్యమంటే, ఎవడో మహానుభావుడు ఒళ్ళు బద్ధకించి అసలు జాబితానే పోశాడు."

"ఏ జాబితా?"

"విదేశంలో మనకి కబుర్లు అందించే నలభై ఒక్కమంది. ఇంటి నంబర్లు, పిల్లల స్కూళ్ళతో సహా."

"తుడిచి పారెయ్యండి!" అన్నాడు లూసియన్.

"తుడిస్తే రహస్యాలు అమ్ముకునే పెలికాన్ ముఠా జారిపోతుంది. దొంగ లోపలే ఉన్నాడు. పదకొండు రోజులుగా మధ్యాహ్నం రెండు కాగానే స్టోరేజ్ కనెక్షన్లు తెగిపోతున్నాయి. ఆ గందరగోళంలో జాబితా తోడేద్దామని చూస్తున్నారు. లోపం పట్టుకో, బాగుచెయ్యి, ఎవరు చేశారో రాసిపెట్టు. పాత కోడ్ మాటలన్నీ రద్దు. ఎవరైనా వాడితే శత్రువే అనుకో."

"అనుమానం ఎవరి మీద?"

విన్‌ఫ్రెడ్ మొదటిసారి ఆగింది. "అక్కడ మిరియం రాస్ అనే పేరుతో ఒకావిడ పనిచేస్తోంది. ఫోటో నిన్ననే చూశాను. అది నీ ఒడీల్, లూసియన్."

ఒడీల్ షార్బొనో అతని భార్య. శాఖలో అతనికి నెట్‌వర్క్ పాఠాలు చెప్పిన గురువు కూడా ఆవిడే. మూడేళ్ళ కిందట ఒక మార్చి పొద్దున ఫ్రిజ్ మీద "వెతకకు" అని చీటీ అంటించి వెళ్ళిపోయింది. ఆరు నెలలకు వియన్నాలో పెలికాన్ ముఠావాళ్ళ పక్కన పచ్చల హారంతో ఫోటోకి దొరికింది. ఆ రోజు ఆంబ్రోజ్ అతని భుజం తట్టి, ఏదో చెప్పబోయి, మానేశాడు.

లూసియన్ మీసం అంటించుకున్నాడు. రే పెల్కీ అనే పేరుతో బ్యాడ్జీ తగిలించుకున్నాడు. జేబులో కేబుల్ టెస్టర్ ఒకటి పెట్టుకున్నాడు. దాని అడుగునున్న బొత్తాం నొక్కితే ఆరు నిమిషాల్లో విన్‌ఫ్రెడ్ మనుషులు దిగుతారు.

ల్యాబ్ మేనేజర్ గార్నెట్ మెక్‌ఫెయిల్ గళ్ళచొక్కా వేసుకున్న కులాసా మనిషి. సర్వర్లన్నింటికీ సరస్సుల పేర్లు పెట్టింది అతనే.

"రా గురూ! నీ ముందు ముగ్గురొచ్చారు. ముగ్గురూ 'ఆపి మళ్ళీ వెయ్యండి' అని చెప్పి, నా కాఫీ తాగి పోయారు. నువ్వూ ఆ బాపతేనా?"

"కాఫీ ఎలా ఉంటుందో చూసి చెబుతా."

గార్నెట్ పగలబడి నవ్వాడు. "మిరియం! నిపుణుడుగారొచ్చారు!"

ఎర్ర కోటులో ఒడీల్ వచ్చింది. ఆ నడకకు గది సర్దుకుని దారిచ్చినట్టయింది. లూసియన్ మీసం ఓసారి అదుముకున్నాడు.

"మీసం బాగుంది. కొత్తదా?"

"చలికి పెంచాను."

ఆమె గార్నెట్ వైపు ఓసారి చూసి, మామూలుగా అడిగినట్టే అడిగింది. "కాలువ బాగా గడ్డకట్టిందా అండీ?"

అది ఆంబ్రోజ్ నాటి కోడ్. 'నడవచ్చు, పరుగెత్తకూడదు' అనాలి జవాబు. నేను నీవైపు మనిషిని అని దాని అర్థం. ఎత్తుకుపోయిన మాటతో నన్నే బుట్టలో వెయ్యాలని చూస్తోందనుకున్నాడు లూసియన్.

"నేను స్కేటింగ్ చెయ్యనండి," అన్నాడు.

ఒడీల్ ముఖంలో ఏదో ఆరిపోయింది. తల ఊపి వెళ్ళిపోయింది. గార్నెట్ ఆమెను ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకపోవడం లూసియన్ చూశాడు గానీ, దాన్ని స్నేహమనుకున్నాడు.

సర్వర్ల గదిలో ఫ్యాన్ల హోరుకు చెవులు దిమ్మెక్కుతాయి. అతను పనిలో దిగాడు. లోపం విచిత్రంగా ఉంది. సర్వరు స్టోరేజ్‌ను పలకరిస్తోంది, పాస్‌వర్డ్ ఒప్పుకుంటోంది, లోపల ఏమేమున్నాయో చూపిస్తోంది. పెద్ద ఫైలు అడిగితే మాత్రం బిగుసుకుపోతోంది. నిమిషం చూసి కనెక్షన్ తెగిపోతోంది.

ఈ జబ్బు అతనికి తెలుసు. ఒడీలే నేర్పింది. డేటా ప్యాకెట్లుగా కట్టుకుని పోతుంది. మామూలు దారిలో పెద్ద ప్యాకెట్ పదిహేను వందల బైట్లు. స్టోరేజ్ దారిని మాత్రం తొమ్మిది వేలకు వెడల్పు చేస్తారు. మధ్యలో ఒక్క గుమ్మం పదిహేను వందల దగ్గరే ఉండిపోయిందా, చిన్న ప్యాకెట్లు దూరిపోతాయి, పెద్దవి గుమ్మంలోనే పోతాయి. పోయాయని ఎవరూ చెప్పరు. అందుకని పింగ్ అనే పలకరింపు ప్యాకెట్‌ను చిన్నది కొట్టి సంబరపడకూడదు, ఎనిమిది వేల తొమ్మిది వందల డెబ్బై రెండుతో, ముక్కలు చెయ్యొద్దని చెప్పి కొట్టాలి. మిగతా ఇరవై ఎనిమిదీ చిరునామాకి.

చిన్న పింగ్ తిరిగొచ్చింది. పెద్దది రాలేదు. తీగలన్నీ కలిసే స్విచ్‌లో పదకొండు, పన్నెండు పోర్టులు, స్టోరేజ్‌కి పోయే రెండు దారులూ అవే, పదిహేను వందల దగ్గర ఉన్నాయి. ఎవరో చేత్తో మార్చారు. ఎవరేం మార్చారో నమోదయ్యే లాగ్ తెరిచాడు. మిరియం రాస్, జనవరి ముప్పై.

ఆంబ్రోజ్ పోయిన మర్నాడు. ఆ తారీఖు దగ్గర అతను ఆగి ఉండాల్సింది, ఆగలేదు. రెండు పోర్టులూ తొమ్మిది వేలకు మార్చాడు. తర్వాత, ఈ పనిలో ఉన్నవాళ్ళంతా చేసేదే చేశాడు. టికెట్‌లో, అంటే ఫిర్యాదు పత్రంలో, మూలకారణం రాశాడు. "పోర్టులు పదకొండు, పన్నెండు ఉద్దేశపూర్వకంగా తగ్గించబడ్డాయి. చేసినవారు మిరియం రాస్." ఆ పేరు కొట్టేటప్పుడు అతని వేళ్ళలో మూడేళ్ళ కసి ఉంది. 'పరిష్కరించబడింది' నొక్కాడు. టికెట్ మూసేస్తే దాని నకలు ల్యాబ్‌లో అందరికీ పోతుంది. అప్పుడు ఒంటిగంట యాభై రెండు.

రెండు గంటలకు తెరమీద పంతొమ్మిదో సర్వర్ లేచింది. పేరు ఒపియాంగో, అదీ ఓ సరస్సే. ల్యాబ్‌లో ఉన్నవి పద్దెనిమిదే. అది జాబితా ఉన్న చోటికి తిన్నగా పోయి తోడటం మొదలుపెట్టింది. నాలుగు శాతం. పదకొండు. ఇరవై ఆరు.

తలుపు తెరుచుకుంది. ఒడీల్ గోడ పట్టుకుని లోపలికొచ్చింది. వెనకే తలుపు బయటినుంచి గడియపడింది. అద్దం గోడకు అవతల, స్టోరేజ్ గదిలో గార్నెట్ సైలెన్సర్ ఉన్న పిస్తోలు బల్ల మీద పెట్టి, తెర ముందు తీరిగ్గా కూర్చున్నాడు. గోడ మీద ఫోను మోగింది.

"థాంక్స్ గురూ," అన్నాడు గార్నెట్. "పదకొండు రోజులు నా పక్కనే ఉండి నాకే గండి కొట్టింది. నువ్వు రాసిపెట్టకపోతే నాకు చచ్చినా తెలిసేది కాదు. కదలకుండా కూర్చో. లైను తెగిందంటే ఈ డిస్కులు పీక్కుని పోతా. తెగకపోతే నా పని నేను చూసుకుని చేతులూపుకుంటూ పోతా."

లూసియన్ జేబులో చెయ్యి పెట్టి బొత్తాం నొక్కాడు. ఒడీల్‌ను పట్టుకున్నాడు. ఎర్ర కోటు కాబట్టి నెత్తురు కనపడలేదు, చేతికి తగిలాక తెలిసింది.

"బాగుచేశావా?" ఆమె అతని చెవి దగ్గర అరిచింది. "ఎవరు బాగుచెయ్యమన్నారు నిన్ను?"

"ఒడీల్, నువ్వు వాళ్ళ..."

"ఆంబ్రోజ్ పంపాడు నన్ను, ముఠాలోకి. ఆయనకొక్కడికే తెలుసు. ఆయన పోయాక నేను మీవైపు మనిషినని చెప్పడానికి లోకంలో ఎవరూ లేరు. గార్నెట్ ఫోను చెయ్యనివ్వడు, గడప దాటనివ్వడు. రోజూ రెండింటికి జాబితా తోడబోతాడు. తీగ కోస్తే వాడికి తెలిసిపోతుంది. అందుకే పదిహేను వందలు పెట్టా. కనెక్షన్ ఉన్నట్టే ఉంటుంది, పని జరగదు." ఊపిరి తీసుకుంది. "పాడైతే ఎవరినో పంపుతారు, పంపితే నిన్నే పంపుతారు అనుకున్నా. ఆ అంకె చూస్తే నేనే అని తెలుస్తుందనుకున్నా. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. పెళ్ళయిన కొత్తలో ఆమె అతన్ని ముద్దుగా పిలిచే పేరు అదే. 'నా పదిహేను వందలు.' ఉప్పు అందించు, కోటు వేసుకో, రోడ్డు జారుడుగా ఉంది, ఇవన్నీ అతని నోట్లోంచి తేలిగ్గా వచ్చేవి. పెద్ద మాట ఒక్కటి కూడా గుమ్మం దాటేది కాదు.

ఎనభై ఎనిమిది శాతం. ఆ ఫైలు ఆఖరి ముక్క చేరేదాకా తెరుచుకోదు. చేరిందంటే నలభై ఒక్క ఇళ్ళ తలుపులు తట్టడానికి మనుషులు బయల్దేరతారు.

"నీకు కట్టు కట్టాలి," అన్నాడు లూసియన్.

"ముందు పోర్టులు."

"ఒడీల్!"

"పోర్టులు చూడరా మొద్దూ!"

ఆమెను నేల మీద వదిలి అతను కీబోర్డు దగ్గరకు పోయాడు. ఆ నాలుగడుగులూ అతను చచ్చేదాకా నడుస్తూనే ఉంటాడు. పదకొండు, పదిహేను వందలు. తొంభై అయిదు శాతం. వేళ్ళు నెత్తురుతో జారాయి, తప్పు పడింది, చెరిపాడు. పన్నెండు, పదిహేను వందలు. తొంభై తొమ్మిది దగ్గర అంకె నిలిచిపోయింది.

అద్దం అవతల గార్నెట్ తెర కేసి చూశాడు. కనెక్షన్ ఉంది, పచ్చ దీపం వెలుగుతోంది. మౌస్ కదిపి చూసి, కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కున్నాడు. ఒక్క శాతమే కదా అని ఆగాడు. అంత దూరం వచ్చాక ఎవడు మాత్రం లేస్తాడు?

లూసియన్ ఆమె తల ఒళ్ళోకి తీసుకున్నాడు. కోటు విప్పి, తన మఫ్లర్ గాయం మీద అదిమిపట్టాడు. ఏదో అన్నాడు. ఫ్యాన్ల హోరులో అతనికే వినపడలేదు.

"వినపడట్లేదు," అంది ఒడీల్. "అంత పెద్దది పంపకు. ముక్కలు చెయ్యి." అతని చూపుడువేలు పట్టుకుంది. "చేరితే నొక్కుతా."

"నువ్వు," అన్నాడు చెవిలో. ఆమె వేలు నొక్కింది.

"వెళ్ళాక." నొక్కింది.

"ఒక్కరోజు కూడా." నొక్కింది.

"నేను నిద్రపోలేదు." ఆలస్యంగా, మెల్లగా నొక్కింది.

"నిన్ను." నొక్కింది.

ఆఖరి ముక్క కూడా చెప్పాడు. ఎదురుచూశాడు. మళ్ళీ చెప్పాడు, ఇంకోసారి చెప్పాడు. ఎన్నిసార్లు పంపినా జవాబు రాలేదు.

విన్‌ఫ్రెడ్ మనుషులు స్టోరేజ్ గది తలుపు పగలగొట్టేసరికి గార్నెట్ ఆ ఒక్క శాతం కోసం ఇంకా ముందుకు వంగి చూస్తూనే ఉన్నాడు. పిస్తోలు అందుకునే వ్యవధి లేకపోయింది. నెల తిరక్కుండా అతను ముఠా మొత్తాన్ని చెప్పేశాడు, కాలువ మీద సారీ చెప్పినవాడితో సహా. నలభై ఒక్కమందీ ఆ రాత్రి మామూలుగానే అన్నాలు తిన్నారు. వాళ్ళకు ఏమీ తెలియదు, తెలియకూడదు.

మార్చిలో ఆంబ్రోజ్ పాత స్కేటు బూటు అడుగున ఒక చీటీ దొరికింది. విన్‌ఫ్రెడ్ అది తెచ్చి లూసియన్ బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకుంది. అందులో ఆంబ్రోజ్ రాత: "ఒడీల్ మన మనిషి. లూసియన్‌కి చెప్పొద్దు. పిచ్చిమారాజు, ముఖంలో ఏదీ దాచుకోలేడు."

"మళ్ళీ తెరుచుకున్న ఆ టికెట్ మూసెయ్యమంటావా?" అని అడిగింది విన్‌ఫ్రెడ్.

"మూలకారణం తప్పు రాశాను మేడం. దిద్దాలి."

మిరియం రాస్ పేరు కొట్టేసి, ఆ చోట తన పేరు రాసుకున్నాడు. టికెట్ తెరిచే ఉంచాడు. అసలు జాబితా తుడిచేశాడు. తర్వాత స్టోరేజ్, సర్వర్లు, స్విచ్, అన్నింటినీ పదిహేను వందలకే దించాడు. గుమ్మాలన్నీ ఒకే కొలత అయితే పెద్ద ఫైలు కూడా చిన్న ముక్కలై బుద్ధిగా పోతుంది.

ల్యాబ్ నెమ్మదిగా ఉందని ఇప్పటికీ నెలకో ఫిర్యాదు వస్తుంది. కొత్తగా చేరిన ఇంజనీర్లు చిటికెలో తొమ్మిది వేలు చేసేస్తామని ఉబలాటపడతారు. ముట్టుకోవద్దంటాడు లూసియన్. ఫిర్యాదులన్నింటికీ అతని జవాబు ఒక్కటే: "నెమ్మదైతేనేం, చేరుతున్నాయి కదా."