ఫెర్మిన్ బాల్కనీ

పొద్దు వాలాక ఆ బాల్కనీ కిందికి ఎవరూ వెళ్లరు.

కాలిఫోర్నియా కొండల మధ్య సినిమా కోసం చెక్కలతో కట్టిన వీధి అది. బ్యాంకు, జైలు, సారాకొట్టు... అన్నిటికీ ముందు గోడలే, వెనక గాలి. తుపాకీవీరుడి సినిమా తీస్తున్నారు. వీరుడు ఒక్కడే. అతని చేతిలో చావడానికి మెక్సికో వాళ్లం మేమందరం.

సారాకొట్టు బాల్కనీ నుంచి పడి నిజంగానే చచ్చినవాడు ఫెర్మిన్. తూటా తగిలినట్టు రెయిలింగు మీదికి వాలాలి. వాలాడు. పుచ్చిన కర్ర విరిగింది.

"తాగొచ్చాడు," అన్నాడు డైరెక్టర్ ప్రూయిట్.

ఫెర్మిన్ జన్మలో చుక్క ముట్టలేదు. అతని భార్య యులాలియా మా వేషాల బట్టలు ఉతికే మనిషి. ఆమె ఒక్కటే అడిగింది. "బళ్లో నా పిల్లల్ని తాగుబోతు కొడుకులంటున్నారు సారూ. తాగలేదని అందరి ముందూ చెప్పండి."

ప్రూయిట్ గడియారం చూసుకున్నాడు.

దెయ్యం ఆ వారమే మొదలైంది.

మా సినిమాల్లో రాత్రి అంటే మిట్టమధ్యాహ్నమే. కెమెరాకు నల్ల అద్దం తొడిగితే ఎండ కాస్తా వెన్నెలవుతుంది. తీసేటప్పుడు ప్రూయిట్ కళ్లకి హీరో తప్ప ఎవరూ ఆనరు. సాయంత్రం తెర మీద వేసి చూసుకుంటే — బాల్కనీ చీకట్లో, ఫెర్మిన్ పెట్టుకునే అంచు చిరిగిన తెల్లటోపీ.

మళ్లీ తీశారు. మళ్లీ టోపీ.

లైట్లు మోసేవాళ్లు శిలువ గీసుకుని దూరం జరిగారు. ఒక రాత్రి ప్రూయిట్ ఒంటరిగా ఆ బాల్కనీ కింద నడుస్తుంటే పైన చెక్క కిర్రుమంది. ఆగాడు. చెక్కా ఆగింది. తర్వాత, చెవి పక్కనే అన్నట్టు ఒక గుసగుస...

"నేను... తాగలేదు."

మర్నాడు జ్వరమన్నాడు ప్రూయిట్. హీరో లాడెల్ నవ్వాడు. "నా తుపాకీ చూస్తే దెయ్యాలకే జ్వరమొస్తుంది."

చివరి రోజు. లాడెల్ సాయంత్రం బండికి వెళ్లిపోతాడు, ఆఖరి పోరు ఆ ఎండలోనే అయిపోవాలి. మేం వీధి నిండా నిలబడ్డాం. ఢాం. గురి నా గుండెకే.

నేను పడలేదు.

ఢాం. నా పక్కనున్న అన్సెల్మో అన్న కూడా పడలేదు. ఢాం, ఢాం... ఎవరూ పడలేదు.

"పడండ్రా," ప్రూయిట్ అరిచాడు. "మీరు చచ్చారు."

"ఎప్పుడో చచ్చాం కద సారూ," అన్నాడు అన్సెల్మో. "దెయ్యాలు మళ్లీ ఎలా చస్తాయి?"

చొక్కాలోంచి ఆ చిరిగిన తెల్లటోపీ తీసి పెట్టుకున్నాడు. నాకిచ్చాడు. నేను పెట్టుకుని పక్కవాడికిచ్చాను. తల నుంచి తలకి మారుతూ టోపీ వీధంతా తిరిగింది. ప్రూయిట్ మొహం చూస్తే తెలిసిపోయింది, అతనికి అర్థమైందని. ఇన్నాళ్లూ బాల్కనీ ఎక్కింది మేమే, వంతులేసుకుని.

"అందర్నీ పీకేస్తాను."

"పీకెయ్యండి," అన్నాను. "శవాలు లేకపోతే వీరుడెక్కడ సారూ? కొత్త శవాల్ని వెతికేసరికి పొద్దు పోతుంది. ఫెర్మిన్ తాగలేదని చెప్పండి, పడతాం."

"చెప్పి ఏడువయ్యా ప్రూయిట్," అన్నాడు లాడెల్. "చెమటకి నా మీసం ఊడిపోతోంది."

యులాలియా బానల దగ్గర్నుంచి తడిచేతులతోనే వచ్చి నిలబడింది.

"అతను... తాగలేదు. కర్ర పుచ్చింది. మాకు ముందే తెలుసు," గొణిగాడు ప్రూయిట్.

"గట్టిగా," అంది యులాలియా.

ప్రూయిట్ గట్టిగా చెప్పాడు. కొండలు కూడా ఆ మాట ఒకసారి అప్పజెప్పాయి.

లాడెల్ తుపాకీ ఎత్తాడు. అప్పుడు చచ్చాం... ఒకళ్ల తర్వాత ఒకళ్లం, ఎన్నడూ చావనంత అందంగా.